స్వీడన్ ప్రయాణం పదో తరగతి మెమో దగ్గరే మొదలవుతుంది

సంపాదకులకు నమస్కారం.

పాలమూరు, నల్లగొండ జిల్లాలకు వలస కొత్త కాదు. కాలువలు తవ్వడానికి, కట్టలు పోయడానికి దేశమంతా తిరిగిన పాలమూరు లేబర్‌ను ముందుండి నడిపింది గుంపు మేస్త్రి. అతని చేతిలో ఎంత దోపిడీ జరిగిందో ఈ జిల్లాలవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కానీ ఎక్కడ దిగాలో, ఎన్ని గింజలు మోసుకుపోవాలో, గుడిసె ఎక్కడ వేసుకోవాలో బండెక్కక ముందే తెలిసేది. ఇప్పుడు అవే ఊళ్ల పిల్లలు చదువుకో ఉద్యోగానికో స్టాక్‌హోం, గోథెన్‌బర్గ్, హెల్సింకీ పోతున్నారు. కన్సల్టెన్సీవాళ్ల పని వీసా స్టాంపుతో అయిపోతుంది. ఇంట్లోవాళ్లు స్వెట్టర్లు, పచ్చళ్లు సర్దుతారు. అక్కడ దిగాక చలికంటే ముందు అడ్డం పడేది కాగితం. అందులో చాలావరకు ఇక్కడ, మన మండల కేంద్రంలోనే సరిచేసుకోవాల్సింది. ఆ సంగతి తల్లిదండ్రులకు చేరాలని ఈ ఉత్తరం. నార్డిక్ దేశాలు ఐదు. పద్ధతులు దగ్గరదగ్గరగా ఉన్నా ఒక్కటి కావు కాబట్టి ఎక్కువగా స్వీడన్ గురించే రాస్తున్నాను.

అక్కడ మొదట కావలసింది పెర్షోన్‌నుమ్మర్. మన ఆధార్ లాంటిదే అనుకుంటారు గానీ దాని పట్టు ఇంకా గట్టిది. మొత్తం పన్నెండు అంకెలు. పుట్టిన సంవత్సరం, నెల, తేదీ కలిపి ఎనిమిది, ఆ తర్వాత నాలుగు. ఆ నాలుగింటిలో మూడోది మగవాళ్లకు బేసి, ఆడవాళ్లకు సరి. చివరిది మిగతా అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చే అంకె. ఇది ఇచ్చేది పన్నుల శాఖ, పేరు స్కాట్టెవెర్కెట్. పుట్టుకలు, పెళ్లిళ్లు, చిరునామాలు కూడా ఆ శాఖ పుస్తకంలోనే ఎక్కుతాయి. కుటుంబమంతా పాస్‌పోర్టులు, అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్ కార్డులు, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు పట్టుకుని స్వయంగా వెళ్లాలి. నంబరు చేతికి రావడానికి వారాలు పడుతుంది. నంబరు వస్తే గుర్తింపు కార్డు, కార్డుతో బ్యాంకు ఖాతా, ఖాతాతో బ్యాంక్ ఐడీ (మనమెవరో ఫోన్లో రుజువు చేసే యాప్), బ్యాంక్ ఐడీతో స్విష్. మనకు ఫోన్‌పే ఎట్లాగో వాళ్లకు స్విష్ అట్లా. బ్యాంక్ ఐడీ లేకపోతే ఆసుపత్రి వెబ్‌సైటు, పన్ను లెక్క, చాలాచోట్ల పిల్లల బడి దరఖాస్తు ఫోన్లో తెరుచుకోవు. ఎన్నో దుకాణాలు నోట్లు ముట్టుకోవు. అందుకే మొదటి రెండు మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ఇక్కడి నుంచే ఫారెక్స్ కార్డులో వేసుకుని వెళ్లాలి.

ఈ నంబరు ఏడాది లేదా అంతకుమించి ఉండబోయేవాళ్లకే ఇస్తారు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పర్మిట్ గడువు పాస్‌పోర్టు గడువు దాటి పోదు. పాస్‌పోర్టుకు పదకొండు నెలలే మిగిలి ఉంటే పర్మిట్ కూడా పదకొండు నెలలకే వస్తుంది, దాంతో నంబరు చిక్కులో పడుతుంది. రెండేళ్ల కోర్సుకు పోయే పిల్లవాడి పాస్‌పోర్టులో కనీసం మూడేళ్లు మిగిలి ఉండేలా చూసుకుని, లేకపోతే దరఖాస్తుకు ముందే కొత్తది తీసుకోవాలి.

ఇప్పుడు పేర్ల సంగతి. మన దగ్గర ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి అంతా ఒకే గడిలో రాసి ఉంటుంది. భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, బిడ్డ పాస్‌పోర్టులో తండ్రి ఇంటిపేరు. మనకు ఇదంతా మామూలే. అక్కడి గుమాస్తాకు మాత్రం ఇవి ముగ్గురు నలుగురు వేరువేరు మనుషుల కాగితాలు. పుట్టినతేదీ అంతకంటే పెద్ద తలనొప్పి. బడిలో వేయించేటప్పుడు సార్లు జూన్ నెలకు సరిపెట్టి రాసిన తేదీలు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. ఆ తేదీయే మెమోలోకి, మెమో నుంచి పాస్‌పోర్టులోకి, పాస్‌పోర్టు నుంచి స్వీడన్ నంబరులోకి పోతుంది. పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్లో అసలు తేదీ ఉంటే రెండూ కలవవు.

దీనికి ఒకటే దారి. పాస్‌పోర్టును మూలంగా పెట్టుకోవాలి. మిగతా కాగితాలను దానితో సరిపోల్చుకుని, అచ్చుతప్పులు, విడిపోయిన అక్షరాలు, తండ్రి పేరులో తేడాలు ఇక్కడ ఉన్నప్పుడే దిద్దించుకోవాలి. తేదీలే వేరైతే ఏది సరైనదో ముందు తేల్చి, పాస్‌పోర్టుతో సహా అన్నీ ఆ ఒక్క తేదీకి తేవాలి. పెర్షోన్‌నుమ్మర్ వచ్చాక మార్చడం మరీ కష్టం. పాత జననం అసలు నమోదే కాకపోతే మీసేవలో దరఖాస్తు పెట్టి ఆర్డీవో ఉత్తర్వు తెచ్చుకోవాలి. దానికి నెలలు పట్టొచ్చు కాబట్టి వీసా వచ్చాక మొదలుపెడితే అందదు. వేరువేరుగా ఉన్న పేర్లు ఒక్క మనిషివేనని నోటరీ అఫిడవిట్ రాయించుకుని పోతుంటారు. అక్కడి అధికారి దాన్ని ఒప్పుకుంటారన్న భరోసా లేదు.

పెళ్లి సర్టిఫికెట్ గురించి గట్టిగా చెప్పాలి. గుడిలో ఇచ్చిన రసీదు, శుభలేఖ, ఆల్బమ్ పనికిరావు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం సర్టిఫికెట్టే కావాలి. ఇది లేకుండా పోతే వీసా దగ్గర ఎలాగో గట్టెక్కినా, అక్కడి పుస్తకంలో ఆ అమ్మాయి పెళ్లయినట్టు ఎక్కదు. పెళ్లయినట్టు నమోదైతేనే పుట్టిన బిడ్డకు తండ్రి పేరు తనంతట తాను వస్తుంది. కాకపోతే భర్త వేరుగా తాను తండ్రినని ఒప్పుకోలు రాసివ్వాలి. పచ్చి బాలింత ఇంట్లో ఉండగా ఆ తిరుగుడు ఎవరికీ వద్దు.

సర్టిఫికెట్లు ఇంగ్లిషులో తీసుకోవాలి, తెలుగులో ఉంటే అధీకృత అనువాదం చేయించాలి. ఆ తర్వాత అపోస్టిల్, అంటే కాగితం అసలైనదేనని వేరే దేశాలు ఒప్పుకునే ధ్రువీకరణ. భారతదేశంలో ఇది 2005 నుంచి అమల్లో ఉంది. ముందు రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరణ, ఆ మీదట విదేశాంగ శాఖ ముద్ర. ఆ శాఖ కార్యాలయం ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది, కాగితాలు అధీకృత ఏజెన్సీల ద్వారా ఇవ్వాలి. అసలు కాగితం వెనకాల అతికించిన ఆ స్టిక్కరును ఎవరూ పీకకూడదు, కాగితాన్ని లామినేషన్ చేయించకూడదు.

అక్కడ ఇల్లు దొరకడం కష్టం. స్టాక్‌హోంలో నేరుగా అద్దెకిచ్చే ఇళ్లకు క్యూ ఉంటుంది, నిరీక్షణ ఏళ్లలో లెక్క. కొత్తగా పోయినవాళ్లు వేరేవాళ్లు అద్దెకు తీసుకున్న ఇంటినే మళ్లీ అద్దెకు తీసుకోవాలి. అట్లాంటప్పుడు రెండు అడగాలి. ఇంటి అసలు యజమాని అనుమతి కాగితం మీద ఉందా? ఈ చిరునామా మీద మా పేర్లు నమోదు చేసుకోవచ్చా? రెండోదానికి వద్దంటే ఆ ఇల్లు ఎంత చవకైనా వదిలేయాలి. చిరునామా లేనిదే నంబరు లేదు, నంబరు లేనిదే ఏదీ లేదు. ఇల్లు చూడకుండా, ఒప్పందం మీద సంతకం కాకుండా అడ్వాన్సు పంపమనేవాళ్లు ఎవరైనా మోసగాళ్లే అనుకోవాలి. చేరిన రోజే చేయాల్సిన చిన్న పని ఇంకొకటి. తలుపుకు ఉన్న ఉత్తరాల చీలిక మీద, కింద పోస్టు డబ్బా ఉంటే దాని మీద, మీ పేరు అంటించాలి. పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే. పన్నుల శాఖ ఉత్తరం, బ్యాంకు కార్డు, పిన్ అన్నీ పోస్టులోనే వస్తాయి. తలుపు మీద పేరు లేకపోతే పోస్టుమన్ ఇంట్లో మనిషి ఉన్నా వేయడు, తిప్పి పంపేస్తాడు. నంబరు ఇంకా రాలేదని నెలలు ఎదురుచూసేవాళ్లలో కొందరి ఉత్తరం ఇలాగే వెనక్కి పోయి ఉంటుంది.

సూట్‌కేసు విషయానికొస్తే, యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకుపోకూడదు. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి డబ్బా విమానాశ్రయంలో చెత్తబుట్టలోకి పోతాయి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, కూరగాయలు కూడా మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా కుదరవు. కొబ్బరికాయకు మినహాయింపు ఉంది. కారం, మామిడి తొక్కు, గోంగూర పచ్చడి, చింతపండు, సకినాలు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. మామూలు మందులు వాడేవాళ్లు మూడు నెలలకు సరిపడా, ఇంగ్లిషులో రాసిన ప్రిస్క్రిప్షన్‌తో సహా తీసుకుపోవాలి. నిద్రమాత్రలకు, గట్టి నొప్పిమాత్రలకు నిబంధన ఇంకా బిగువు. ఆ తర్వాత ఇక్కడి నుంచి కొరియర్లో మందులు పంపొద్దు. మన దేశం నుంచి వ్యక్తుల పేరు మీద పోస్టులో మందులు రానివ్వరు, కస్టమ్స్ దగ్గరే ఆగిపోతాయి. పళ్లకు సంబంధించిన పనులన్నీ నల్లగొండలోనే ముగించుకుని వెళ్లండి, పెద్దవాళ్లకు అక్కడ పంటి వైద్యం చాలా ఖరీదు.

వంటపాత్రల్లో అల్యూమినియం కుక్కర్ తీసుకుపోవద్దు. చాలా ఇళ్లలో ఇండక్షన్ పొయ్యిలే, వాటి మీద అది వేడెక్కదు. ఇండక్షన్ అడుగున్న స్టీలు కుక్కర్ కావాలి. జొన్నరొట్టె తినే ఇళ్లవాళ్లు అడుగు చదునుగా ఉన్న ఇనుప పెనం తీసుకోవాలి, గుంట పెనం ఆ పొయ్యి మీద నిలవదు. మంట ఉండదు కాబట్టి రొట్టెను పెనం మీదే తడిబట్టతో అద్ది పొంగించుకోవాలి. అక్కడి ఇండియన్ షాపుల్లో జొన్నపిండి దొరుకుతుంది గానీ పాతదైతే అంచులు పగులుతాయి, మరిగే నీళ్లతో కలిపితే కొంత నయం. తాలింపు పొగకు పైకప్పు మీది ఫైర్ అలారం మోగుతుంది. దాని బ్యాటరీ తీయకూడదు, గుడ్డ కప్పకూడదు. పొగ లాగే ఫ్యాను ముందే వేసి, గది తలుపు మూసి తాలింపు పెట్టాలి. హాస్టళ్లలో అనవసరంగా అగ్నిమాపక బండి వస్తే ఆ బిల్లు మీ మీదే పడొచ్చు.

పెరుగు తోడుకోవడం లేదన్న ఫిర్యాదు అందరి నోటా వినిపిస్తుంది. తప్పు రెండు చోట్ల జరుగుతుంది. తోడుకు ఫిల్‌మ్యోల్క్ అనే అక్కడి పులిసిన పాలు వాడతారు. చూడటానికి మజ్జిగలా ఉన్నా దానిలో సూక్ష్మజీవులు వేరు, చల్లటి గదిలో పనిచేసేవి. దానితో సాగే పెరుగు వస్తుంది గానీ గట్టి పెరుగు రాదు. ఏమీ కలపని మామూలు యోగర్ట్ ఒక చెంచా తీసుకోవాలి. పాలు ఎర్ర ప్యాకెట్‌వి, మూడు శాతం వెన్న ఉన్నవి. కాచి, వేలు పెడితే ఓర్చుకోగల వేడికి దించి తోడు వేయాలి. గిన్నెను ఓవెన్లో పెట్టి, ఓవెన్ వేడి చేయకుండా లోపలి బల్బు మాత్రం వెలిగించి వదిలేస్తే ఏడెనిమిది గంటల్లో తోడుకుంటుంది. ఇరవై డిగ్రీల వంటగది గట్టు మీద రాత్రంతా ఉన్నా తోడుకోదు. ఇడ్లీ పిండికీ అదే బల్బు.

నీళ్ల గురించి ఒక మాట. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్‌తో వంగిన నడుములు చూసిన జిల్లా మనది, కుళాయి నీళ్లు తాగమంటే మనవాళ్లకు నమ్మబుద్ధి కాదు. అక్కడ నిశ్చింతగా తాగొచ్చు, క్యాన్లు కొనక్కర్లేదు. తాగడానికీ వంటకూ చల్లనీళ్ల కుళాయినే తిప్పాలి. వేడినీళ్లు గొట్టాల్లోని లోహాన్ని ఎక్కువగా కరిగించుకుని వస్తాయి.

చలి కోటు ఇక్కడే వేలు పోసి కొనొద్దు. దిగిన రోజుకు ఒకటి చాలు, మిగతావి అక్కడి సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో మంచివే దొరుకుతాయి. ఒంటిని అంటుకునే బట్ట మాత్రం నూలుది కాకూడదు. నూలు బనియన్ చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, ఆ తడే చలిని ఒంట్లోకి దించుతుంది. లోపల సన్న ఉన్ని, దాని మీద ఫ్లీస్, పైన గాలి, నీరు చొరనిది. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోవాలి. బిగుతుగా ఉంటే ఉన్ని మేజోళ్ల లోపల గాలి నిలవదు, కాళ్లు గడ్డకడతాయి. ఇక పడిపోయే ప్రమాదం ఎక్కువ ఉండేది మైనస్ పదిహేనులో కాదు, సున్నా దగ్గర. పగలు కరిగిన మంచు సాయంత్రానికి అద్దంలా గడ్డకట్టి, పైన పల్చటి నీటిపొర ఉంటుంది. చిన్న అడుగులు, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా వేయాలి, చేతులు జేబుల్లో పెట్టుకోకూడదు. బూటు కింద తగిలించుకునే మేకుల పట్టీలు అమ్ముతారు, పెద్దవాళ్లకు అవి తప్పనిసరి. కోటుకు రిఫ్లెక్టర్ వేలాడదీయాలి. ముదురు రంగు బట్టలవాళ్లు కారు డిమ్ లైటులో ఇరవై ముప్ఫై మీటర్ల దగ్గరికి వస్తే గానీ కనపడరు, రిఫ్లెక్టర్ ఉంటే నూటపాతిక మీటర్ల నుంచే కనిపిస్తారు. ఫిన్లాండ్‌లో చీకట్లో నడిచేవాళ్లకు ఇది చట్టమే.

చలికి బట్ట ఉంది, చీకటికి లేదు. నల్లగొండలో అతి చిన్న పగలు కూడా దాదాపు 11 గంటలు. స్టాక్‌హోంలో డిసెంబరు మూడో వారంలో ఉదయం ముప్పావు తొమ్మిదికి పొద్దు పొడిచి, మధ్యాహ్నం మూడు కాకముందే కుంకుతుంది. జూన్‌లో తెల్లవారుజామున మూడున్నరకే ఎండ, రాత్రి పది దాకా వెలుగు. నవంబరు నుంచి నిద్ర ఎక్కువై, ఏ పనీ చేయబుద్ధి కాక, ఇంటికి ఫోన్ చేయడం తగ్గించే పిల్లలుంటారు. దాన్ని బద్ధకమని తిట్టకండి. మధ్యాహ్నం పన్నెండుకు మబ్బున్నా సరే అరగంట బయట నడవమనండి, పడకగదిలో కాకుండా వెలుతురున్న లైబ్రరీలో చదువుకోమనండి. మన చర్మం రంగుకు ఆ కొద్దిపాటి ఎండ విటమిన్ డి ఇవ్వదు. రెండేళ్లలోపు పిల్లలకు రోజూ 10 మైక్రోగ్రాముల డి చుక్కలు వేయమని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది, కొందరు పిల్లలకు ఆ తర్వాతా కొనసాగించమంటుంది. పెద్దవాళ్లు నర్సును అడిగి మోతాదు తెలుసుకోవాలి. ఫోన్ చేసేవాళ్లు గడియారం తేడా గుర్తుంచుకోండి. చలికాలం మనకంటే నాలుగున్నర గంటలు, మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా మూడున్నర గంటలు వెనక.

జ్వరమొస్తే నేరుగా పెద్దాసుపత్రికి పోయే పద్ధతి లేదు. 1177కు ఫోన్ చేస్తే నర్సు మాట్లాడుతుంది, ప్రాణం మీదికొస్తే 112. పారాసెటమాల్ వేసి మూడు రోజులు చూడమంటారు. అది నిర్లక్ష్యం కాదు, యాంటీబయాటిక్ అవసరమైతేనే రాస్తారు.

పిల్లల మీద చెయ్యి ఎత్తకూడదు. స్వీడన్ 1979లోనే దీన్ని చట్టంతో నిషేధించింది, ప్రపంచంలో అదే మొదటిది. ఫిన్లాండ్ 1983లో, నార్వే 1987లో. వీపు మీద చిన్న దెబ్బ, చెవి మెలిపెట్టడం, గదిలో పెట్టి తలుపేయడం, అన్నీ లెక్కే. బడి టీచరుకు అనుమానం వస్తే సంక్షేమ శాఖకు తెలియజేయడం ఆమె చట్టబద్ధమైన బాధ్యత, ఇంట్లోవాళ్లతో స్నేహం ఉన్నా తప్పదు. ప్రేమతో అన్నా, అలవాటుగా అన్నా, “చెయ్యి విరగ్గొడతా” అన్న మాటను పిల్లవాడు బడిలో యథాతథంగా స్వీడిష్‌లో చెబుతాడు. మన పసిపిల్లల నడుము మీద పుట్టుకతో నీలి మచ్చలుంటాయి. శిశువుల క్లినిక్‌కు మొదటిసారి తీసుకుపోయినప్పుడే నర్సుకు చూపించి రికార్డులో రాయించాలి, తర్వాత దెబ్బలని పొరబడకుండా.

కాన్పు సాయానికి పోయే అమ్మలకు సందర్శక వీసా 180 రోజుల్లో 90 రోజులే. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి, కానీ చాలా పాలసీలు పాత బీపీ, షుగర్ ఖర్చును ఇవ్వవు, చదివి సంతకం పెట్టండి. కాన్పు తేదీ మన చేతిలో ఉండదు గానీ, ఊరికే చూసిరావడానికైతే మే నుంచి ఆగస్టు మధ్యే పంపండి. డిసెంబరులో పోయిన పెద్దమ్మలు, నానమ్మలు నాలుగు గోడల మధ్య కూర్చుని తిరిగొస్తారు.

భూమి తాకట్టు పెట్టే తల్లిదండ్రులకు చివరగా. నార్డిక్ దేశాల్లో చదువు ఉచితమన్నది పాత మాట. మన దేశం విద్యార్థులకు డెన్మార్క్ 2006లో, స్వీడన్ 2011లో, ఫిన్లాండ్ 2017లో, నార్వే 2023లో ఫీజు పెట్టాయి. స్వీడన్ దరఖాస్తు రుసుము 900 క్రోనార్లు, పిల్లవాడే ఆన్‌లైన్లో పెట్టుకోవచ్చు, దానికి లక్షలు అడిగే ఏజెంటు అక్కర్లేదు. మొదటి విడత ఫీజు వీసాకు ముందే కట్టాలి. పార్ట్‌టైం పనితో ఫీజు తీరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. భాష రాకుండా హోటల్లో గిన్నెలు కడిగే పని కూడా సులువుగా దొరకదు. నంబరు రాగానే ఎస్‌ఎఫ్‌ఐ అనే ఉచిత స్వీడిష్ తరగతిలో చేరాలి, అందరూ ఇంగ్లిష్ మాట్లాడతారు కదా అని వాయిదా వేసినవాళ్లకు రెండో ఉద్యోగం దగ్గర తెలిసొస్తుంది.

మీ పత్రిక జిల్లా పేజీలో ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ విషయాలకు ఒక కాలమ్ ఇవ్వాలని కోరుతున్నాను. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, ఆగస్టు చివర తరగతులు మొదలయ్యేలోపు నల్లగొండ, మహబూబ్‌నగర్ కలెక్టరేట్లలో ఒక్కో పూట అవగాహన శిబిరం పెట్టాలి. సబ్ రిజిస్ట్రార్, మున్సిపల్ కార్యాలయాల కిటికీ దగ్గర ఒక బోర్డు రాయించాలి: “మీ పేరు, తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే చెప్పండి.”

– ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా